ఎర్రరంగు బోర్డు

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుండగా, ఒక జూలై నెలలో, నన్ను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డిలోని ఒక దవాఖానకు హెడ్ నర్సుగా బదిలీ చేశారు. నెలలు నిండని పిల్లలను, బరువు తక్కువ పిల్లలను ఉంచే వార్డు నాకు అప్పగించారు. హెడ్ నర్సు అంటే స్టాఫ్ నర్సులకు పైన, డాక్టరుకు కింద; ఏం జరిగినా రెండు వైపులా మాటపడేది ఆమే. చేరిన వారంలోనే తలుపు మీద ఎర్రరంగుతో బోర్డు రాయించాను: మగవారికి ప్రవేశం లేదు. ఇన్ఫెక్షన్ల భయమని అందరికీ చెప్పాను. అసలు సంగతి, కొత్త తండ్రులంటే నాకు ఒళ్ళుమంట.

ఎందుకుండదు? ముప్పై ఏళ్ళు చూశాను వాళ్ళను. బిడ్డ పుట్టగానే మిఠాయి డబ్బా పట్టుకొని ఆయాలతో సహా అందరి నోళ్ళూ తీపి చేస్తారు. బాలింత గుక్కెడు నీళ్ళు తాగిందా అని మాత్రం అడగరు. బిడ్డ ఫోటో స్టేటస్‌లో పెట్టడానికి ఉన్న ఆత్రం తడిసిన గుడ్డ మార్చమంటే ఉండదు. "ఆడోళ్ళు సూసుకుంటరు" అన్నది వీళ్ళందరికీ నోటికొచ్చిన ఒకే ఒక్క మంత్రం.

ఆ వానాకాలంలోనే ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి సునీత అనే అమ్మాయిని తీసుకొచ్చారు. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లిని పై అంతస్తులోని ఐసీయూకి, పదిహేడు వందల గ్రాముల పిల్లను మా దగ్గరికి పంపారు. పిల్ల ఊపిరి బాగానే ఉంది. కానీ వార్మర్ మీద నుంచి, అంటే వెచ్చగా ఉంచే బల్ల మీద నుంచి తీస్తే చాలు, కాళ్ళు చల్లబడుతున్నాయి. నాలుగో రోజుకు ఉన్న బరువు కూడా తగ్గింది. ఇలాగే సాగితే పిల్ల దక్కదని నాకు తెలుసు. పిల్లల డాక్టరు కంగారూ సంరక్షణ రాశారు. పిల్లను ఎవరో ఒకరు ఒట్టి ఛాతీకి ఆనించుకొని గంటల తరబడి కూర్చోవాలి. తల్లి మంచం మీద నుంచి లేవలేదు. సునీత తల్లికి దగ్గు. మిగిలింది తండ్రి నరేందర్, రైసుమిల్లులో గుమాస్తా.

ఆ మహానుభావుణ్ణి నాలుగు రోజుల్లో ఒక్కసారీ చూసిన గుర్తు లేదు. ఏ హోటల్లో చాయ్ తాగుతున్నాడో వెతికి పట్టుకురమ్మని ఆయాను పంపాను. ఆమె తలుపు తెరిచి అక్కడే ఆగిపోయింది. అతను గుమ్మం పక్కనే గోడకు ఆనుకొని నేల మీద కూర్చుని ఉన్నాడు.

నాలుగు రోజులుగా ఎక్కడున్నావని కసిరాను.

"ఈడనే ఉన్న మేడమ్" అన్నాడు. "మొదటి నాడు వస్తే సిస్టర్ బోర్డు సూపెట్టింది. తెల్లారి మల్ల వస్తే మీరే ఎల్లగొట్టిండ్రు. పిల్ల ఎట్లున్నదని అడిగితే, ఆడోళ్ళను పంపుమన్నరు."

నేను వెళ్ళగొట్టిన వాళ్ళలో ఒక్కరి ముఖమూ నాకు గుర్తు లేదు. సిగ్గుపడాల్సిన చోట గద్దించడం నాకు అలవాటు. అంగీ విప్పమన్నాను.

సునీత తల్లి అడ్డుపడింది. ఇరవై ఒకటో రోజున తొట్టెల చేసి పిల్లను ఉయ్యాలలో వేసేదాకా తండ్రి ముట్టడం వాళ్ళ ఇంట్లో లేదట. "మగోడు గిట్ల పిల్లను ఎదకు కట్టుకునుడేంది" అంది. నరేందర్ గొంతు పెంచలేదు. "అత్తమ్మా, తొట్టెల దాక పిల్ల ఉండాలె గదా" అన్నాడు. ఆమె పక్కకు జరిగింది.

మోచేతుల దాకా సబ్బుతో కడిగించాను. వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టాను. టోపీ, మేజోళ్ళు, డైపర్ తప్ప ఒంటి మీద ఏమీ లేని పిల్లను అతని ఛాతీ మీద నిలువుగా ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, మెత్తటి గుడ్డతో కట్టాను. "ఊపిరాడుతదా మేడమ్" అని మూడుసార్లు అడిగాడు. ముక్కు కనబడుతుంటే చాలన్నాను. రెండు గంటల తర్వాత పిల్ల పాదాలు ముట్టి చూశాను. వెచ్చగా ఉన్నాయి. సంతోషం కంటే ముందు నా మీద నాకే కోపం వచ్చింది. ఆ వెచ్చదనం నాలుగు రోజులు తలుపవతలే ఉంది.

పై అంతస్తు నుంచి పాలు తెచ్చే పని కూడా అతనికే అప్పగించాను. మొదటిసారి ఖాళీ గిన్నెతో దిగివచ్చాడు. పిల్ల పోయిందని, అందరూ దాస్తున్నారని సునీత ఏడుస్తోందట. తన తల్లి ఎంత చెప్పినా నమ్మలేదట. మరి నువ్వేం చెప్పావని అడిగాను. "కాళ్ళు ఎచ్చగున్నయ్, నేనే ముట్టి సూసిన అని చెప్పిన. గప్పుడు నమ్మింది" అన్నాడు. ఆ సాయంత్రం ఉగ్గుగిన్నె అడుగు తడిసేటన్ని పాలు వచ్చాయి. మర్నాటికి గిన్నె సగమైంది. రోజూ పిల్ల బరువు చూసి, మెట్లెక్కి వెళ్ళి భార్యకు చెప్పి, పాలు పట్టుకొని దిగేవాడు. ఎవరూ గుర్తు చేయాల్సిన పని పడలేదు.

సునీత లేచి నడిచేనాటికి పిల్ల పుట్టినప్పటి బరువు దాటింది. వాళ్ళు ఇంటికి వెళ్ళిన రోజే పెయింటరును పిలిపించి బోర్డు చెరిపించాను. దాని చోట, తల్లి అయినా తండ్రి అయినా చేతులు కడుక్కొని రావాలని రాయించాను.

ఆ తర్వాత కూడా కొందరు తండ్రులు తెరిచిన తలుపు బయటే నిలబడి ఫోన్లు చూసుకున్నారు. వాళ్ళను తనివితీరా తిట్టాను. బోర్డు ఉన్నన్నాళ్ళూ నాకు ఆ హక్కు లేదు.