పెట్టె దించిన జీపు

పెట్టెను జీపులోకి ఎక్కించి వెనక తలుపు వేస్తుండగా నా చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆ ఫోన్ నాది కాదు. పెట్టెలో ఉన్న నా స్నేహితుడిది. ముందురోజు భద్రాచలం దవాఖానాలో వాళ్ళమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, "ఎవరన్న ఫోన్ చేస్తే నువ్వే చెప్పు బిడ్డా, నాతోని కాదు" అంది. అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. జ్వరం మెదడుకెక్కింది, వారం తిరక్కుండానే పోయాడు, సమాధి మధ్యాహ్నం, చర్చి అవతల దిబ్బ మీద.

ఈసారి ఆ మాటలు చెప్పే సందు దొరకలేదు.

"అన్నా, జల్దీ రా," అంది ఒక ఆడగొంతు. వాగు అవతలి గూడెంలో పనిచేసే ఆశా కార్యకర్త. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కినట్టుంది, ఆయాసపడుతోంది. "పొద్దుగాల నుంచి నొప్పులు. ఉమ్మనీరు పోయింది. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది. వాగు చప్టా మీదికెల్లి నీళ్ళు పోతున్నయి, అంబులెన్స్ ఇవతలికి రాలేదంట. నీ జీపైతేనే దాటుతది. వింటున్నవా అన్నా?"

"వింటున్నా," అన్నాను. లైన్ కట్టయింది.

వానలకు ఆ వైపు సెల్ టవర్ పనిచేయడం లేదు. అతను పోయిన కబురు గూడేనికి చేరనే లేదు. ఆమె అతనితోనే మాట్లాడాననుకుంది.

మేమిద్దరం ఖమ్మంలో పాలిటెక్నిక్ కలిసి చదివాం. ఖానాపురం హవేలిలోని వాళ్ళింట్లో నేను తిన్న భోజనాలకు లెక్కలేదు. చదువయ్యాక నేను సారపాకలో కొలత పరికరాలు సరిచేసే పనిలో చేరాను. అతను కూడా కొన్నాళ్ళు ఉద్యోగం చేసి మానేశాడు. పాత జీపు ఒకటి కొన్నాడు. ఈ అడవి అంచు ఊళ్ళో గది కిరాయికి తీసుకున్నాడు. గూడేల నుంచి రోగులను దవాఖానాకు చేర్చడం, వాళ్ళకు అక్కడ దిక్కుతోచనప్పుడు పక్కన నిలబడటం, నయమయ్యాక మళ్ళీ ఇంటి దగ్గర దించడం, ఇదీ అతని పని. దేవుని సేవ అనేవాడు. నేను డ్రైవరు పని అనేవాణ్ణి. నా సెలవు రోజులన్నీ ఆ జీపు కిందే గడిచేవి. బయలుదేరే ముందు నేను ఇంజిన్ ఆయిలు, నీళ్ళు, బ్రేకు, టైర్లు చూస్తుంటే, అతను స్టీరింగ్‌కు నుదురు ఆనించి ప్రార్థన చేసేవాడు.

"అన్ని చూసినవా?"

"చూసిన."

"మిగిలినయి నేను అప్పజెప్పిన. ఎక్కు."

రెండో గేరు జారిపోయే ఆ జీపును నడపగలిగింది మేమిద్దరమే. అందుకే ఆ రోజు తాళంచెవి నా దగ్గర ఉంది.

విషయం చెప్పగానే చర్చి ముందు గొడవ మొదలైంది. ఖమ్మం నుంచి వచ్చిన అతని పెదనాన్న, "ఎక్కించిన పెట్టెను దించుతరా ఎక్కడన్న?" అన్నాడు. పాస్టర్‌గారు ఇంకో బండి కోసం ఫోన్లు మొదలుపెట్టారు. ఎవరో ట్రాక్టర్ పంపుదామన్నారు. "ట్రాక్టర్ల ఆ గుంతలకు పొల్ల బతుకుతదా?" అని ఇంకెవరో అన్నారు. నేను అతని అమ్మ వైపు చూశాను. పెట్టె పక్కనే జీపు రేకు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇసుంటి ఫోన్ వస్తే వాడు ఏం చేసేటోడు?" అని నన్నడిగింది.

"తింటున్న పళ్ళెం ఇడిచి పోయేటోడు."

"మరి దించుండ్రి," అంది. పెదనాన్న ఏదో అనబోయాడు. "మోయనీకి మొగోళ్ళు లేరా బావా? భుజాల మీద తీస్కపోదాం. నువ్వు పో బిడ్డా. మొగులు పట్టింది, వానొచ్చేటట్టుంది, నువ్వొచ్చేదాక ఆపలేం."

పెట్టె అంచు ఒకవైపు నేనే పట్టుకున్నాను. దించి, మళ్ళీ దాని వైపు చూడకుండానే స్టీరింగ్ ముందు కూర్చున్నాను. చూస్తే బండి తీయలేనని తెలుసు. బానెట్‌కు కట్టిన బంతిపూల దండలు, ముందు అద్దం అంచున కట్టిన నల్లగుడ్డ అలాగే ఉన్నాయి. వాటిని విప్పాలని తోచనే లేదు.

చప్టా దగ్గర దిగి కర్రతో లోతు చూశాను. మోకాలి కింద వరకు ఉంది. మొదటి గేరులో, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా దాటాను.

గూడెంలో మొదట పరుగెత్తుకొచ్చింది ఆశా కార్యకర్తే. నన్ను చూసి, నా వెనక సీటు చూసి, దండలు చూసి ఆగిపోయింది. "అన్న ఏడి?" అంది.

పొద్దున్నుంచి ఇరవైమందికి చెప్పిన మాటలు నోట్లోంచి రాలేదు. తల అడ్డంగా ఊపాను. ఆమె అక్కడే కూలబడింది.

ఇంట్లోంచి ఒక ముసలమ్మ వచ్చింది. నొప్పులు పడుతున్న అమ్మాయి అత్త. కొడుకు ఇల్లందు వైపు పనికి పోయాడు, ఇంటికి ఆమే పెద్దదిక్కు. జీపు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఈ పూలేంది? ఎవరి పీనుగును మోసింది?"

"అన్నదే అవ్వా. నిన్ననే పోయిండు," అన్నాను.

ఆమె మెల్లగా, "మంచి పిల్లగాడు. కాని నా కోడలు దీంట్ల ఎక్కది. పీనుగు దిగిన బండ్ల పురిటి మనిషి ఎక్కుతదా?" అంది.

"వేరే బండి లేదు. వాగు పెరుగుతున్నది."

"పెరగనియ్యి."

కడిగిద్దామన్నాను. నీళ్ళతో పోయేదా అంది. పెట్టె మూసే ఉంది, ఎక్కించి నిమిషం కాకముందే దించాం అన్నాను. నిమిషమైతే పీనుగు కాదా అంది. లోపల ఆ అమ్మాయి అరుపు సన్నబడుతోంది. సన్నబడటం మంచిది కాదని ఆశా కార్యకర్త ముఖం చెబుతోంది.

ఇంట్లోంచి ఆ అమ్మాయే పిలిచింది. "అత్తా, అన్న బండేగద. నన్ను ఎక్కియ్యి."

ముసలమ్మ జీపు వెనక తలుపు దగ్గరకు పోయి లోపలికి వంగి చూసింది.

"పెట్టె యాడ పెట్టిండ్రు?"

ఒకవైపు సీటు బల్ల పీకేసిన చోటు చూపించాను. ఆమె చీర ఎగదోపుకుని జీపెక్కి, సరిగ్గా అక్కడే కాళ్ళు చాపి కూర్చుంది. ఒళ్ళో పాత దుప్పటి పరుచుకుంది.

"పట్టేదేదన్న ఉంటే నన్ను పట్టనియ్యి. అది నా మీద పండుకుంటది, కింద రేకు తగలనియ్య," అంది. నేనింకా అలాగే నిలబడి ఉండటం చూసి, "చూస్తవేంది? మంచం ఎత్తుండ్రి. మల్ల ఏడుద్దువు," అంది.

తిరుగుదారిలో ప్రతి గుంతకూ నాకు తిట్లు పడ్డాయి. "వాడు గిట్లనే తోలేటోడా? నిన్ను చూసి నేర్చుకోలే, నయం." మధ్యలో నన్ను వదిలేసి అతనితోనే మాట్లాడింది. "నీ బండ్లనే ఉన్నం నాయనా. జర చూడు." చప్టా మీద నీళ్ళు ఇందాకటి కంటే ఎక్కువున్నాయి. అవతల ఒడ్డు ఎక్కే చోట రెండో గేరు జారింది. లివరును ఎడమచేత్తో అదిమి పట్టి, ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పి ఎక్కించాను. వెనకనుంచి ఆ అమ్మాయి చప్పుడు లేదు. "ఊపిరుందా?" అని అడిగాను. "ఉంది. ముందల చూడు," అంది ముసలమ్మ.

దవాఖానాలో నేరుగా ఆపరేషన్‌కు తీసుకుపోయారు. ముసలమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుంది. నన్ను పొమ్మంది, మట్టి వేసి రమ్మంది. లోపలి సంగతి తెలిసేదాకా పోనన్నాను. ఇద్దరం ఆపరేషన్ గది తలుపు వైపే చూస్తూ ఉన్నాం. నర్సు బయటికొచ్చి ఆడపిల్ల అనీ, తల్లికి రక్తం ఎక్కిస్తున్నామనీ, గండం గడిచిందనీ చెప్పింది. ముసలమ్మ తల ఊపి, తన కాళ్ళు తనే ఒత్తుకోవడం మొదలుపెట్టింది.

నేను దిబ్బ దగ్గరకు చేరేసరికి అందరూ వెళ్ళిపోయారు. మట్టి పూడ్చి, పైన పారతో కొట్టి చదును చేశారు. అమ్మ, పాస్టర్‌గారు మాత్రం ఉన్నారు.

"చెప్పు," అంది అమ్మ.

"ఆడపిల్ల. ఆపరేషన్ చేసిండ్రు. ఇద్దరూ బతికిండ్రు."

ఆమె నన్ను పక్కన కూర్చోమని, మొదటినుంచీ అంతా చెప్పమంది. చప్టా మీద నీళ్ళెంత ఉన్నాయి, గూడెం ఎలా ఉంది, ముసలమ్మ ఏమంది, గేరు ఎందుకు జారుతుంది, అన్నీ అడిగింది. "వాడు ఫోన్ చేస్తే తిన్నవా, పండినవా అని అడిగిన తప్ప, నీ పనేందిరా అని ఎన్నడూ అడగలే," అంది. పెట్టె ఉన్న చోట ముసలమ్మ కూర్చున్న సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. రెండోసారి చెబుతూ ఏడ్చేశాను. అతను పోయాక నేను ఏడ్చింది అప్పుడే. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, నేను నిమ్మళించేదాకా ఆగింది.

తర్వాత లేచి చీర దులుపుకుంది.

"పొద్దుగాల నన్ను దవాఖానాకు తీస్కపో," అంది. "ఆ ముసలమ్మ ఒక్కతే ఎట్ల చేసుకుంటది?"