అవ్వ బడికి వచ్చిన రోజు

పోయిన శుక్రవారం ధర్మవరంలో, మా చిన్నాయన ఇంట్లో, అవ్వ కన్నుమూసింది. కబురు తెచ్చిన మనిషిని నిజమేనా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఆ అలవాటు నాకు ఆమె దగ్గర అబ్బిందే.

అవ్వ ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేది కాదు. హిందూపురం బస్సెక్కితే కండక్టరు చెప్పింది చాలక డ్రైవరునూ అడిగేది. కాంపౌండరు ఇచ్చిన మందును ముందు అతన్నే ఒక గుక్క తాగమనేది. ఇంట్లో అందరం విసుక్కునేవాళ్లం.

పెనుకొండలో నేను మూడో తరగతి చదువుతున్నప్పుడు, ఆటల వేళ బడి గోడ మీద నుంచి జారి పడ్డాను. కుడి మణికట్టు వాచింది. చేతిని పావడ మడతల్లో దాచుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను. అయ్యవారు చూడలేదు. ఇంటికొచ్చి సంగటి ముద్దను ఎడమచేత్తో తీసుకోబోతుంటే అవ్వ కనిపెట్టింది. ఎవరు కొట్టారని అడిగింది. పడ్డానన్నాను. నమ్మలేదు. చేతికి కట్టు కట్టించి, మరునాడు నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చింది. దారి పొడుగునా అయ్యవారి బెత్తం గురించే అడిగింది.

అయ్యవారు తాను చెయ్యి కూడా వేయలేదన్నారు. ఇంట్లోనే ఎక్కడో పడి ఉంటుందన్నారు. అవ్వ ఆయన మొహంలోకే చూస్తూ మెల్లగా అంది:

"ఇంట్లో పడింటే ఇంట్లోనే ఏడ్సేది. ఈడ ఏడ్సలేదంటే, ఏడ్సేదానికి భయపడింది. ఎందుకు భయపడిందో అది చెప్పు అయివారూ."

ఆయన నన్ను పిలిచి, ఎందుకు చెప్పలేదని అడిగారు. నేను పడడానికి ముందు రోజే, కడుపునొప్పి అంటూ పాఠం మధ్యలో లేచిన పిల్లను దొంగనొప్పి అని ఆయన కొట్టారు. అదే చెప్పాను. ఆయన నా చేతి కట్టును పట్టి చూశారు.

"నేను చూడలేదమ్మా. చూసుండాల్సింది," అన్నారు అవ్వతో.

ఇంకొకరైతే ఆ మాటకు కరిగి వెళ్లిపోయేవాళ్లు. నోటితో అనడం ఎవరికైనా సులువేనని, పాఠం ఎట్లా చెప్తారో చూసి పోతానని అవ్వ అక్కడే నిలబడింది. నా చెయ్యి బాగయ్యేదాకా రోజూ వచ్చింది. తరువాత్తరువాత ఏ పిల్ల నొప్పి అన్నా అయ్యవారు లేచి వచ్చి చూసేవారు. ఆయన బదిలీ మీద హిందూపురం పోయేనాడు, ఇప్పుడైనా ఆయన్ని నమ్మినావా అని అవ్వనడిగాను.

"ఇంగా చూస్తాండా," అంది.

ఆ బడిలో నాకు భయం పోయింది ఆమె అనుమానం వల్లే. అవ్వ అనగానే ఆ మొదటి రోజే గుర్తొస్తుంది. ఎండలో నిలబడిందని అయ్యవారు తన కుర్చీ తెచ్చి వరండాలో వేశారు. అవ్వ దాన్ని పట్టి ఊపి, కాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు కూర్చుంది. చూపు మాత్రం తరగతి లోపలే.