పోలండ్ టోపీలో మన ఊరి ఉప్పు

ముందే చెబుతున్నాను, దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. వెల్డింగ్ చేసుకుని బతికేవాణ్ని. కంటితో చూసి, చేత్తో కొలిస్తే తప్ప ఏదీ ఒప్పుకోను. ఈ సంగతి ఒకటికి రెండుసార్లు కొలిచి చూశాకే రాస్తున్నాను.

మాది నౌపడ. నాన్న అక్కడ సముద్రం ఒడ్డున ఉప్పు మడుల్లో మేస్త్రి. 2017లో కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఎండలో ఉప్పు తళతళలాడుతుంటే ఆ వెలుగు కళ్లకు మంచిది కాదన్నాడు డాక్టరు. తలపాగా కళ్లకు నీడనివ్వదు, తాటాకు టోపీ గాలికి నిలవదు. చుట్టూ అంచున్న మందపాటి ఫెల్ట్ టోపీ దొరికితే పనికి వెళ్తానని నాన్న పట్టు. ఎప్పుడో మడులు చూడ్డానికొచ్చిన ఒక ఇన్‌స్పెక్టరు నెత్తిన చూశాడట. టోపీ ఉన్నా సరే, ఇక పని వద్దని నేను ఖండితంగా చెప్పేశాను. దాంతో అరుగు మీద కూర్చుని కూర్చుని మనిషి సగమైపోయాడు. చూస్తే నాకే ప్రాణం ఉసూరుమనేది.

ఆ చలికాలం నాకు పోలండ్‌లో పని దొరికింది. సముద్రానికి రైల్లో ఒక పగలంతా పట్టే చిన్న ఊరు. పని మాన్పించాను, కనీసం టోపీ అయినా తెచ్చిద్దామని ఆదివారాలు వెతికేవాణ్ని. నేను బయల్దేరేముందే అమ్మ, నాన్న తలని నూలుదారంతో కొలిచి, ముడివేసి ఇచ్చింది. ఆ దారం ప్రతి టోపీలోనూ పెట్టి చూస్తుంటే దుకాణాలవాళ్లు నన్ను వింతగా చూసేవారు. కొత్త టోపీలన్నీ అట్టముక్కల్లా ఉన్నాయి.

చివరికి ఒక పెద్దావిడ నడిపే పాత సామాన్ల కొట్లో దొరికింది. బూడిద రంగు, లోపల తోలు పట్టీ. గుప్పిట్లో నలిపి వదిలితే చక్కగా మళ్లీ నిలబడింది. దారం ముడి దగ్గరికి సరిగ్గా సరిపోయింది.

నాలుగు నెలల తర్వాత ఇంటికొచ్చి పెట్టె విప్పాను. నాన్న టోపీ పెట్టుకోగానే అమ్మ పకపకా నవ్వింది.

"ఏటయ్యా, పెళ్లికొడుకులాగున్నావు!"

నాన్న మురిసిపోతూ టోపీ తీసి, తోలు పట్టీ కింద వేలు పెట్టి తడిమాడు. వేలికి తెల్లటి పలుకులేవో అంటుకున్నాయి. అలవాటు కొద్దీ నాలిక మీద వేసుకున్నాడు. ముఖం మారిపోయింది.

"ఒరే, ఇది మన కాలవ పక్క మడి ఉప్పురా! ఎక్కడిదిరా ఈ టోపీ?"

ఎవరిదో చెమట ఉప్పు అయివుంటుందని నవ్వేశాను. నాన్నకి రోషం వచ్చింది. ఏ మడి ఉప్పయినా నాలిక మీద వేసుకుని చెప్పగల మనిషి ఆయన. కానీ టోపీ పెట్టె సర్దింది నేను, విప్పింది నేను. నాన్న మడుల వైపు వెళ్లి ఏడు నెలలైంది.

మర్నాడు నేనే వెళ్లి అయిదు మడుల ఉప్పు తెచ్చాను. పొట్లాల అడుగున పేర్లు రాశాను. పట్టీ కింద గోటితో గీకితే వచ్చిన చిటికెడు ఆరో పొట్లంలో వేశాను. నాన్న కళ్లు మూసుకుని రుచి చూశాడు. అయిదూ తప్పు లేకుండా చెప్పాడు. ఆరోదాన్ని తీసి కాలవ మడి పొట్లం పక్కన పెట్టాడు. పొట్లాలు తారుమారు చేసి మళ్లీ ఇచ్చాను. మళ్లీ అంతే.

అప్పుడు చెప్పాను నాన్నకి, ఆ పెద్దావిడ ఫోన్‌లో అనువాదం చేసి చూపించిన మాట. అది ఆవిడ తండ్రి టోపీ. ఆయన ఆ జిల్లా దాటి ఎరగడట. సముద్రం చూడాలని ఉండేదట, చూడకుండానే పోయాడట.

నేను హడలిపోయి కూర్చుంటే నాన్న టోపీ దుమ్ము దులిపి, తృప్తిగా నెత్తిన పెట్టుకున్నాడు.

"పాపం, సముద్రం సూడ్నేదా? అయితే నాను మడికి ఎల్లాల్సిందే కదరా. మరెవులు సూపిస్తారు ఆయనకి?"

మర్నాడు పొద్దున్నే నాన్న మడికి వెళ్లాడు. ఆ ఉప్పు అక్కడిదాకా ఎలా చేరిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. పని మానమని మాత్రం నాన్నకి మళ్లీ చెప్పలేదు.