లారీ ఆట నోరు మూయించిన రోజు

మా ఇంట్లో కంప్యూటర్ కొన్నది నాకోసం. దాని ముందు కూర్చునేది మాత్రం మా ఆయన. పెళ్ళికి ముందు నెల్లూరులో ఒక ఆఫీసులో ఆపరేటరుగా పనిచేసిన మనిషిని నేను. రొయ్యల గుంటల గట్ల మీద పెరిగి, మౌసు పట్టుకోవడం నా దగ్గర నేర్చుకున్న మనిషి ఆయన. గురువుని మించిన శిష్యుడు. నేను వంటింట్లో పులుసు మరగబెడుతూ ఉంటే ఆయన హాల్లో కూర్చుని లారీ తోలుతూ ఉంటాడు. అదొక ఆట. తెర నిండా ఎక్కడివో కొండదారులు, మంచు రోడ్లు, మధ్యలో ఈయనగారి లారీ. అన్నానికి పిలిస్తే, ఈ సరుకు దించేసి వస్తానంటాడు.

ఆటతో నాకు పేచీ లేదు. తాగుడు లేదు, పేకాట లేదు, ఏదో మధ్యాహ్నం పూట కాసేపు లారీ తోలుకుంటే తోలుకున్నాడు. నా పేచీ ఆ మోతతో. ఇంజను రొద, బ్రేకుల కీచు, అన్నిటికీ మించి ఆ హారన్. సౌండు ఎప్పుడూ పూర్తిగా పైకే పెడతాడు. తగ్గించమంటే, తగ్గిస్తే గుంట వినపడదంటాడు. తగ్గించబోయిన చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. ఎందుకంటే మా గుంటల చప్పుడు కూడా ఆ కంప్యూటర్లోంచే రావాలి.

మైపాడుకి కాస్త ఇవతల, ఉప్పుకాలువ పక్కన, కౌలుకి తీసుకున్న గుంటలు మావి. రొయ్యని పెంచడమంటే దానికి ఊపిరి అందించడమే. నీళ్ళ మీద తెడ్ల చక్రాలు తిరుగుతూ ఉంటాయి. అవి నీటిని చిలికి గాలి కలుపుతూ ఉంటేనే కింద రొయ్య బతుకుతుంది. ఎండ కాసే రోజయితే కాసేపు ఆగినా ఓర్చుకుంటుంది. ముసురు పట్టిన రోజు చక్రాలు ఆగితే, కూర ఉడికే లోపల రొయ్య పైకి తేలుతుంది. తేలిన రొయ్యని చూసి ఏడవడం తప్ప చేసేదేమీ ఉండదు.

అందుకని మా వైపు మనిషికి కళ్ళకంటే చెవులు ముఖ్యం. కాపలాకి కొత్త మనిషిని పెట్టుకునేటప్పుడు, మాటల్లో పెట్టి, వెనకనుంచి మెల్లగా పేరుపెట్టి పిలిచి చూస్తారు. తిరిగి చూడకపోతే టీ తాగించి పంపించేస్తారు. టీ కొట్టు దగ్గర అందరూ గొంతులు చించుకుని మాట్లాడుకుంటూ ఉంటారా, మధ్యలో ఉన్నట్టుండి ఒకడు చెయ్యి ఎత్తుతాడు. అంతే, అందరూ నోళ్ళు మూసి చెవులు రిక్కిస్తారు. చక్రాలు తిరుగుతున్నాయని తేలాక ఆపిన మాట మళ్ళీ అందుకుంటారు. ఎవరయినా పెళ్ళికో చావుకో ఊరెళ్ళాల్సి వస్తే పక్క గుంట వాళ్ళతో చెప్పి వెళ్ళే మాట ఒకటే, ‘కాస్త చెవి పెట్టి ఉండన్నా’ అని. ఆ మాట మా ఆయనకి చెప్పినంతగా ఇంకెవరికీ చెప్పరు. చప్పుడు విని, ఏ గుంటలో ఏ చక్రం తెడ్డు విరిగిందో చెప్పగల మనిషని పేరు. ఆ పేరంటే ఆయనకి చెప్పలేనంత ఇష్టం. నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

మధ్యాహ్నం కాపలా మనిషి అన్నానికి ఇంటికెళ్తాడు. ఆ సమయానికి మా ఆయన కూడా మేత వేయించి ఇంటికొస్తాడు. గుంటల దగ్గర ఎవరూ ఉండని ఆ కాసేపటి కోసం మోటారు షెడ్డులో ఒక కెమెరా పెట్టించాం. బొమ్మతో పాటు చప్పుడు కూడా పంపుతుంది. లారీ ఆట తెర మొత్తం ఆక్రమిస్తుంది కాబట్టి కెమెరా బొమ్మ దాని వెనక్కి పోతుంది. చప్పుడు మాత్రం వస్తూనే ఉంటుంది. ఆయన తెర మీద లారీ తోలుతూ చెవులతో గుంట కాస్తున్నాడని నా నమ్మకం. అయినా నా మనసు ఊరుకోదు. పొయ్యి దగ్గర నిలబడి, ఆ హారన్ల సందుల్లోంచి, తెడ్లు నీళ్ళని కొడుతున్న దబదబ కోసం నేనూ వింటూనే ఉండేదాన్ని. రోజూ ఇదే తంతు. తల ప్రాణం తోకకి వచ్చేది.

ఆ రోజు పొద్దుటినుంచి ముసురు. సముద్రం మీద వాయుగుండం ఉందని పడవలు కూడా లోపలికి పోలేదు. అలాంటి రోజయినా ఈయన వచ్చి లారీ ఎక్కాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆటని పక్కకి తప్పించి, కింద మూలనున్న స్పీకరు గుర్తు మీద నొక్కి, మిక్సరు తెరిచాను. ఆ సమయంలో నడుస్తున్న ప్రోగ్రాములన్నీ అందులో విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కోదానికి ఒక్కో మీట. దేని గొంతు దానిదే. ఆఫీసులో ఉన్నప్పుడు తెలిసిన సంగతే. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. లారీ ఆట పక్కనున్న మీట ఒక్కటే నొక్కి దాని నోరు మూయించాను. కెమెరా మీట జోలికి పోలేదు.

ఇల్లంతా హాయిగా అయిపోయింది. గుంట చప్పుడు ఒక్కటే, పక్క గదిలోనే ఉన్నంత దగ్గరగా వినిపించింది. ఆటని ఎలా ఉన్నదో అలాగే తెర మీద పెట్టేసి వంటింట్లోకి వచ్చేశాను. ఇప్పుడొచ్చి గొడవ చేస్తాడు, చేయనీ, నాలుగు తగిలిద్దామని గరిటె పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

ఆయన వచ్చి కూర్చున్నాడు. లారీ కదిలింది. గొడవ చేయలేదు. నేను గుమ్మంలోంచి తొంగి చూశాను. హారన్ మీట నొక్కాడు. ఆగి మళ్ళీ నొక్కాడు. చిటికెన వేలు చెవిలో పెట్టి ఆడించుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. నన్ను ఉడికించడానికే ఈ నాటకం అనుకున్నాను. నువ్వు నోరు మూయిస్తే నాకేం, నేను ఇలాగే తోలుకుంటానని బిగదీసుకుని కూర్చున్నాడనుకున్నాను. ఎంతసేపు బిగదీసుకుంటాడో చూద్దామని నేనూ పలకరించలేదు. నాలో నేనే నవ్వుకుంటూ చింతపండు పిసుకుతున్నాను.

అప్పుడు గుంట చప్పుడు ఆగిపోయింది.

ఆగిందో లేదో అన్న అనుమానానికి కూడా చోటు లేదు. ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు కదా. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. కరెంటు పోలేదు. అంటే షెడ్డుకి వచ్చే మూడు ఫేజుల్లో ఒకటి పోయి మోటార్లు పడిపోయాయన్నమాట. ఆయన లేచి చెప్పులు వేసుకునే చప్పుడు కోసం చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తడిచేతులతోనే హాల్లోకి వచ్చాను. ఆయన లారీని మలుపు తిప్పుతున్నాడు.

“ఏందయ్యా, గుంట ఆగిపోయినాది!” అన్నాను.

తిరిగి చూడలేదు. దగ్గరికి పోయి భుజం పట్టుకుని గుంజి, చెవి దగ్గర నోరు పెట్టి గొంతు చించుకుని అరిచాను. “గుంట ఆగిపోయినాదయ్యా! మోటార్లు పడిపోయినాయి!”

ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా నవ్వాడు. పంట పోతోందని నేను మొత్తుకుంటూ ఉంటే పళ్ళికిలిస్తున్న ఆ మనిషిని చూసి, పిచ్చిగానీ పట్టిందా అని నిజంగా భయపడ్డాను. అంతలో తేరుకుని, మాట అర్థమై, బండి తాళాలు అందుకుని పరుగెత్తాడు. నేనూ వెనకెక్కాను.

మేం వెళ్ళేసరికి రొయ్య అంచులకి చేరుతోంది. నీళ్ళ మీద మీసాలు కనిపిస్తున్నాయి. ఆయన జనరేటర్ వేశాడు. ఒక్కో చక్రం కదిలి నీళ్ళు నురగ కట్టాయి. కాపలా మనిషి కూడా వచ్చి, గుంటల చుట్టూ ఉరుకులు పరుగులు పెట్టి, చివరికి రొయ్య కిందకి దిగిందని చెప్పాక గానీ నేను జనరేటర్ పక్కనుంచి కదల్లేదు. ఒక మూల గుంటలో కాస్త పోయింది. మిగతాది నిలబడింది.

కాపలా మనిషి ఫ్యూజు చూడటానికి ట్రాన్స్‌ఫార్మర్ వైపు వెళ్ళాడు. గట్టు మీద మేమిద్దరమే మిగిలాం. అప్పటిదాకా పళ్ళ బిగువున ఆపుకున్నదంతా వెళ్ళగక్కాను.

“గుంట పోతాందని అరస్తుంటే నవ్వుతావా? నీకు సిగ్గుండాదా?”

ఆయన నా పెదాల వంకే చూస్తూ విన్నాడు. తర్వాత గట్టు మీద కూలబడ్డాడు.

“లారీ మోత ఉన్నట్టుండి పోయినాది మే,” అన్నాడు. “హారన్ కొట్టినా. రాలా. మళ్ళా కొట్టినా. రాలా. ఇంక చెవులు పూర్తిగా పోయినాయి అనుకొన్నా. నీకు తెలవకూడదని గమ్మున తోల్తా కూర్చున్నా. అంతలో నువ్వు అరిచినావు. ఇనపడినాది. అందుకని నవ్వొచ్చేసినాది.”

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన పక్కనే కూర్చున్నాను. మీట నొక్కింది నేనని చెప్పాను. ఆయన తలూపాడు. నేను వంటింట్లో నవ్వుకుంటున్నంతసేపూ, నా భర్త హాల్లో కూర్చుని, తనకి ఇంక లోకం వినపడదని అనుకుంటూ, ముఖం తిప్పకుండా లారీ తోలాడు.

“ఎప్పట్నించి ఇది?”

“పోయిన పంట నుంచి. పెద్ద మోతలైతే వస్తాయి. సన్నవి రావు.”

“మరి చక్రాలు తిరగతాండాయని ఎట్ట తెలస్తాంది నీకు?”

“నీళ్ళు చూస్తా. స్టార్టరు పెట్టె మీద చెయ్యి పెడతా. ఎవురన్నా చెవి రిక్కిస్తే వాళ్ళ మొకం చూస్తా.”

“మరి ఇంట్లో? కంప్యూటర్లో?”

“నువ్వుండావు గదా వంటింట్లో,” అన్నాడు.

కోపమూ జాలీ ఒకేసారి వస్తే ఏం చేయాలో నాకు తెలియదు. ఇంతకాలం మా గుంటల్ని కాసింది, లారీ హారన్ల కింద నలిగిపోతున్న నా చెవులన్నమాట. ఇది మా గుంటలతో పోయేదా? ఊరెళ్ళేటప్పుడు చెవి పెట్టమని చెప్పి పోయే వాళ్ళ సంగతేమిటి? వాళ్ళు ఎక్కడో పెళ్ళి పందిట్లో నిశ్చింతగా భోంచేస్తూ ఉంటే వాళ్ళ పంటకి కాపలా ఎవరు? అదే అడిగాను. “చెప్పేస్తే ఇంకెవురు పిలస్తారు నన్ను?” అన్నాడు.

చెవులు చూపించుకోవడానికి నెల్లూరు రమ్మంటే తెలిసినవాళ్ళు చూస్తారని మొరాయించాడు. చెన్నై పోదామన్నాడు. “పెద్ద జమీందారువి, చెన్నై చెవులు కావాలా నీకు,” అని నెల్లూరు బస్సే ఎక్కించాను. దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు. నేను ఏదన్నా మాట్లాడితే ఊఁ కొట్టాడు. అవన్నీ విని కొట్టినవో, నా పెదాలు కదలడం ఓరకంట చూసి కొట్టినవో నాకు తెలియలేదు. ఇంట్లో ఇన్నాళ్ళూ నేను చెప్పిన మాటలన్నీ గుర్తుకొచ్చి మనసంతా చేదయిపోయింది.

చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేసే గది చిన్నది. గోడకి గాజు కిటికీ. లోపల ఆయన్ని కూర్చోబెట్టి చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించారు. ఇవతల మిషను దగ్గర ఒక అమ్మాయి. చప్పుడు వినపడిన ప్రతిసారీ వేలు ఎత్తమని చెప్పి మొదలుపెట్టింది. నేను ఆ అమ్మాయి పక్కన, గోడకి ఆనుకుని నిలబడ్డాను.

వేలు లేచింది. మళ్ళీ లేచింది. ఆమె చప్పుడు తగ్గిస్తూ పోతోందట, అయినా లేస్తోంది. “బానే వినపడతాండాయే అక్కా సారుకి,” అంది ఆ అమ్మాయి. నా గుండె ఎగిరి గంతేసింది. చెవిలో గుబిలి పేరుకున్నట్టుంది, అంతే అయి ఉంటుంది, దేవుడు చల్లగా చూశాడు, ఇంటికి పోయి అందరికీ పులుసు పెట్టాలి అనుకున్నాను.

అప్పుడు ఆయన కళ్ళు చూశాను. అవి ఆ అమ్మాయి మోచేతి మీద ఉన్నాయి. మీట నొక్కినప్పుడల్లా ఆమె మోచెయ్యి కాస్త కదులుతోంది. కదిలిన వెంటనే వేలు లేస్తోంది. ఎంత నేర్పుగా ఎత్తుతున్నాడంటే, గట్టు మీద ఆ మాటలు విని ఉండకపోతే నేనూ పోల్చుకోలేకపోయేదాన్ని.

ఆయన నన్ను చూశాడు. నేను కనిపెట్టానని ఆయనకి తెలిసిపోయింది. చెప్పొద్దని తల అడ్డంగా, చాలా కొద్దిగా ఊపాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదీ బతిమాలింది లేదు. ఊరుకుంటే చాలు, చెవులు బాగున్నాయన్న కాగితంతో ఇంటికి పోవచ్చు. రేపు ఇంకెవరో వచ్చి చెవి పెట్టి ఉండమంటారు, ఈయన సరేనంటాడు.

నేను గోడ వదిలి వచ్చి, గాజు కిటికీకీ ఆ అమ్మాయికీ మధ్య నిలబడ్డాను.

“ఏందక్కా, అడ్డం వచ్చినావు?” అంది.

“నువ్వు కానీమ్మా,” అన్నాను.

నా వెనక మీట టక్కుమంది. ఆగి మళ్ళీ టక్కుమంది. అద్దం అవతల ఆయన నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. వేలు లేవలేదు.