గ్లాసులో నీళ్ళు

సునామీ తర్వాత మా దీవిలో, డిగ్నాబాద్‌లోని మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ బల్లమీద నిండా నీళ్ళున్న గ్లాసు ఉంచేది. నీళ్ళు వణికితే చాలు, భూకంపమని అందరం వీధిలోకి పరుగు తీసేవాళ్ళం.

కాలేజీకి ఒక సెమిస్టర్ సెలవు పెట్టి విదేశం నుంచి వచ్చిన అమ్మాయి మా ఇంట్లోనే ఉండేది. పగలు పునరావాస శిబిరంలో పిల్లలకు పాఠాలు చెప్పేది, ఆదివారమైతే సముద్రంలో డైవింగ్‌కి పోయేది. సాయంత్రాలు ఆ బల్ల ముందు కుర్చీలో కూర్చుని అమ్మ దగ్గర తెలుగు నేర్చుకునేది, ఆమె కాలు మాత్రం నిలిచేది కాదు, ఊగుతూనే ఉండేది.

ఓరోజు నీళ్ళు వణికాయి. అమ్మ కేకకి అందరం వీధిలో పడ్డాం.

"భూకంపం కాదు ఆంటీ, నా కాలు," అంది ఆ అమ్మాయి తలొంచుకుని.

"కూకుని కాళ్ళూపకే తల్లీ, పేణం పోతంది!"

సెలవైపోయి ఆమె వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి నీళ్ళు మళ్ళీ వణికాయి, ఈసారి గోడగడియారం కూడా ఊగింది. మేం పరిగెత్తాం. అమ్మ మాత్రం లోపలే నిలబడి, ఆమె ఖాళీ కుర్చీవైపు చూస్తూ, "ఊపకే తల్లీ," అంటోంది.