ఎడమ అంచు బిగుసుకున్న బండి

2023 సెప్టెంబరు. సూరత్‌లో వానలు వెనక్కి తగ్గి, రోడ్ల మీది గుంతలన్నీ పూర్తిగా బయటపడే నెల. అందరూ తిట్టుకునే ఆ నెలే నాకు సీజను. ఉధ్నా నుంచి డిండోలి వెళ్లే దారిలో నా వర్క్‌షాపు. రెండు షట్టర్లు, ఒక లిఫ్టు, ఇరవై రెండేళ్ల అనుభవం. ఇంజను జోలికి పోను, ఏసీ ముట్టను. సస్పెన్షన్ ఒక్కటే నా పని. అంటే చక్రానికీ బండికీ మధ్య ఉండి, రోడ్డు కొట్టే దెబ్బ మన నడుం దాకా రాకుండా ఆపే సరంజామా అంతా. ఈ పనిలో ఊళ్లో నన్ను మించినవాడు లేడని నాకో గట్టి నమ్మకం. అది ఇప్పటికీ ఉంది. కాకపోతే ఆ నెలలో దానికి ఒక చురక తగిలింది.

నవీన్ అప్పుడే వచ్చాడు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరు. నాలుగేళ్లు ఓవర్‌టైం చేసి సెకండ్‌హ్యాండులో ఎర్రటి టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. చిన్న బండి, పెద్ద పౌరుషం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, వీడి మొహం అలాగే ఉంది.

"రాజన్నా, కాయిలోవర్లు ఏద్దామే. వీడియోలల్ల చూసిన. బండి రోడ్డుకు అతుక్కుంటదట."

కాయిలోవర్ అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే సెట్టుగా వచ్చేది. మర తిప్పి బండి ఎత్తు పెంచుకోవచ్చు, దించుకోవచ్చు. మంచివి చాలా బాగుంటాయి. మంచివి చాలా ఖరీదు కూడా.

"జేబుల ఎంతున్నది తమ్మీ?"

"నలభై వేలు. గంతకు మించి అయితలేదు."

"గా పైసలకు వచ్చేటియి పేరుకే కాయిలోవర్లు. ఆర్నెల్లకు నూనె కారుతది. అప్పుడు మల్ల నా మీద వడతవ్."

మొహం చిన్నబుచ్చుకున్నాడు. బండిని లిఫ్టు ఎక్కించి చూశాను. పాత యజమాని బండి కిందికి కనిపించాలని స్ప్రింగులను చుట్టున్నర మేర కోయించి పెట్టాడు! అలా కోస్తే చక్రం పైకి లేచే జాగా ఉండదు. ప్రతి గుంతకూ బంప్ స్టాప్‌కు, అంటే చివరి అడ్డంగా ఉండే నురగ దిమ్మకు, వెళ్లి గుద్దుకుంటుంది. నాలుగు దిమ్మలూ నలిగి పిండి అయిపోయాయి.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు నవీన్. తండ్రి ఓదెలు గారు సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు ఇక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడి పనిచేసిన మనిషి. చెవులు చప్పుడుకు పోయాయి, నిలబడీ నిలబడీ నడుం పోయింది. క్రితం ఏడాది ఆపరేషన్ అయింది. పదిహేను రోజులకోసారి ఆల్థాన్‌లో డాక్టరుకు చూపించాలి. కొడుకు ముచ్చటపడి ఈ బండిలో తీసుకెళ్తే, ఆయన తిరిగొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు.

"దసరా దాకా చూస్తనన్నడన్నా. నేను కూసొని పొయ్యి రాగలిగితే ఉంచు, లేకుంటే అమ్ము అన్నడు. నాయిన మాట అంటే మాటే. జర ఏమన్న చెయ్యి."

చూశారా, నేలకు అతుక్కునే బండి కావాలని వచ్చినవాడికి నిజంగా కావలసింది తండ్రి కూర్చోగలిగే బండి. రెండూ ఒకే బండిలో కుదురుతాయా అంటే, కుదురుతాయి. నాకు అందులో సందేహం లేదు. డబ్బు తక్కువున్నప్పుడు కంటికి కనిపించేదాని మీద కాదు, కనిపించనిదాని మీద పెట్టాలి. స్ప్రింగు బరువు మోస్తుంది, కానీ ఆ ఊపును అణిచేది షాక్ అబ్జార్బరే. అందుకని సగానికి పైగా డబ్బు మంచి గ్యాస్ షాక్‌ల మీద పెట్టించాను. వాటికి జోడీ కుదిరే స్ప్రింగులు, బండిని పాతిక మిల్లీమీటర్లు మాత్రమే దించేవి. మిగిలినది రబ్బరు సామాను మీద. కొత్త బంప్ స్టాపులు, షాక్‌ల పైకొనను పట్టే మౌంట్లు, చక్రాన్ని పట్టుకునే కంట్రోల్ ఆర్మ్‌కు కొత్త బుష్‌లు. బుష్ అంటే ఆర్మూ బండీ కలిసేచోట ఉండే రబ్బరు తొడుగు. ఎవరూ ఫొటో తీసి పెట్టుకోని వస్తువు, బండి నడక సగం దాని చేతిలోనే ఉంటుంది.

రెండు రోజుల పని. నాకో అలవాటుంది. బోల్టు చివరి బిగింపు అయ్యాక దాని తల మీద పసుపు పెయింటుతో గీత పెడతాను. గీత ఉందంటే ఆ బోల్టు గురించి ఇక ఆలోచించనక్కరలేదు. పని ముగించి హజీరా రోడ్డు మీద నేనే నడిపి చూశాను. మలుపులో బండి ఒరగలేదు, గుంతలో కేకపెట్టలేదు. నవీన్ నడిపి దిగి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు.

నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. "నాయినను ఆల్థాన్ తీస్కపోయిన అన్నా. మల్ల పండుకున్నడు."

లిఫ్టు ఎక్కించాను. ప్రతి బోల్టు మీదా పసుపు గీత. నడిపి చూశాను, పువ్వులా పోతోంది. నాకు కోపం వచ్చింది.

"బండికేం రోగం లేదు తమ్మీ. మీ నాయిన నడుముదే రోగం. పొయ్యి డాక్టరును అడుగు."

నవీన్ తాళం తీసుకుని వెళ్లిపోయాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాకే సరిపోతుందని ఆ రోజు నాకు తెలియదు.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. నవీన్ బండిని అమ్మకానికి పెట్టేశాడు. కొనేవాళ్లకు చూపించడానికి చక్రాల అలైన్‌మెంటు కాగితం కావాలట. ఎడమ సీటులోంచి ఓదెలు గారు తలుపు పట్టుకుని మెల్లగా దిగారు. బక్కపల్చటి మనిషి. చెవులు వినపడనివాళ్లకు ఉండే పెద్ద గొంతు.

"నువ్వేనా మిస్త్రీవి? ఎడమదిక్కు అంచు బిగుసుకున్నది, చూస్కోలేదా?"

నాకు నవ్వొచ్చింది. "అంచు చీరకుంటది కాకా, బండికి ఉండది," అని గట్టిగా అరిచాను.

"నవ్వుడు కాదు. నువ్వెక్కడ కూసొని చూసినవ్?"

"డ్రైవర్ సీట్ల."

"నేనెక్కడ కూసుంట?"

ఇరవై రెండేళ్లుగా కొన్ని వేల బండ్లు నడిపి చూశాను. అన్నీ కుడి సీటులోంచే. ఒక్కసారి కూడా ఎడమ పక్కన కూర్చుని చూడలేదు.

ఆయన నన్ను తన సీటులో కూర్చోబెట్టి, తాను వెనక కూర్చున్నారు. నవీన్ నడిపాడు. "చెయ్యి కింద వెట్టు," అన్నారు. కాళ్ల దగ్గర బండి నేల మీద అరచెయ్యి ఆనించాను. సాంచాల మీద పనిచేసేవాళ్లు చెవితో వినరు, ఆ చప్పుడులో వినడం కుదరదు. మగ్గం చట్రం మీద చెయ్యి పెట్టి, ఎక్కడ తేడా ఉందో చెబుతారు. మొదటి గుంతకే నా చేతికి తెలిసింది. కుడి చక్రం దిగి లేస్తోంది. ఎడమది దిగనంటోంది, మొండిగా పైకి తంతోంది.

"ఖాళీ బీము మీద బిగించినట్టున్నది," అన్నారాయన వెనకనుంచి. "బరువు లేనప్పుడు బిగిస్తే, పడుగు ఎక్కినంక ఒక అంచు గుంజుతది. తాను వంకరొస్తది."

మా ఇంట్లోనూ మగ్గమే. బీము అంటే పడుగు, అంటే నిలువు పోగులు, చుట్టే పెద్ద రోలరు; తాను అంటే మగ్గం మీంచి నేసి వచ్చే బట్ట. మా బాపు నాకు పదేళ్లప్పుడు ఇదే మాట చెప్పాడు. బుష్‌దీ సరిగ్గా అదే కథ. దాని బోల్టును చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు పడ్డాకే బిగించాలి. లిఫ్టు మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే లోపలి రబ్బరు మెలిపడుతుంది. అక్కడినుంచి అది బుష్ కాదు, ఇంకో స్ప్రింగు. ఇది నాకు తెలియక కాదు. కుడివైపు సరిగానే చేశాను. ఎడమవైపు చేస్తుండగా ఫోను వచ్చింది. మాట్లాడుతూనే గాలిలో బిగించి, అలవాటుగా పసుపు గీత పెట్టేశాను. ఆ తర్వాత ఆ గీతను నమ్మాను, మనిషిని నమ్మలేదు.

వర్క్‌షాపుకు వచ్చి, చక్రాలు నేల మీద ఉండగానే ఎడమ ఆర్మ్ బోల్టులు వదులు చేశాను. టక్కుమని శబ్దం వచ్చి, బండి ఎడమ మూల కొంచెం కిందికి కూర్చుంది. నవీన్ నా మొహం చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మెలిపడిన బుష్‌లు తీసేసి, నా ఖర్చుతో కొత్తవి వేసి, బరువు మీద బిగించి, అలైన్‌మెంటు మళ్లీ చేశాను. అమ్మకం మాట దసరా దాకా ఆపమని నవీన్‌కు చెప్పాను.

"తప్పు నాదే కాకా. నీ నడుముదే రోగమని అంటి. మాఫ్ చెయ్యి."

ఆయనకు వినపడిందో లేదో. "ఎవ్వలి పోరనివి?" అన్నారు. మా బాపు పేరు అరిచి చెప్పాను. "మనోళ్లేనా! మరి గింత ముచ్చట ఎట్ల మరిచినవ్?" అన్నారు. తిట్టినందుకు బాధ లేదు. ఆ తిట్టు మా బాపు గొంతులో వినిపించింది, దానికే కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు నా పద్ధతి మారింది. పసుపు గీత చక్రాలు నేల మీద ఉన్నప్పుడే. ప్రతి బండినీ రెండుసార్లు చూస్తాను, రెండోసారి ఎడమ సీటులో కూర్చుని, అరచెయ్యి కింద పెట్టి. నొప్పి ఉందని మనిషి చెబితే ముందు బండిని అనుమానిస్తాను, తర్వాతే మనిషిని.

దసరాకు రెండు రోజుల ముందు ఆల్థాన్ నుంచి తిరిగొస్తూ బండి నా షట్టరు ముందు ఆగింది. నవీన్ మొహంలో ప్రాణం లేదు, తీర్పు ఆ రోజే. ఓదెలు గారు కళ్లు నులుముకుంటూ దిగారు.

"ఎట్లున్నది కాకా బండి?" అని అరిచాను.

"ఏమో," అన్నారాయన. "నిద్ర వట్టింది."