ముందే కొనకూడనిది

కళ్ళద్దాల షాపు వెనకగదిలో లెన్సులు అరగదీసే కుర్రాణ్ణి తోటివాళ్ళు స్వామీజీ అంటారు. టీ గ్లాసు చేతికొచ్చినా ముందు కళ్ళు మూసుకుంటాడు మరి. అతను ఉడుక్కోడు. సెలవురోజు ప్రార్థన మందిరంలో కుర్రకారుకు నిగ్రహం గురించి చెప్పేదీ అతనే.

ఆ నిగ్రహం అదే షాపు బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి అద్దెగది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది.

"దారిలో మందుల షాపుంది కదా, ఒక కండోమ్ ప్యాకెట్ తెచ్చుకోలేవా?" అని ఆమె మొదట్లోనే అడిగింది.

"కొంటే ముందే అనుకున్నట్టు. ఇది కాలు జారడం. జారినవాణ్ణి దేవుడు లేపుతాడు."

"రెండు బస్సులు మారొచ్చి మరీ జారుతున్నావు, బాబూ."

అతను నవ్వలేదు. జారడం వేరు, గొయ్యి తవ్వుకుని దూకడం వేరు అని అతని నమ్మకం. మర్నాడు ఉపవాసం ఉండేవాడు. దాంతో సరిపోయిందనుకునేవాడు.

కిందటి వారం ఆమె అరగదీసే మెషీను పక్కకొచ్చి నిలబడింది.

"నాకు సిఫిలిస్ అని తేలింది. మందులు వాడుతున్నా. నువ్వూ పరీక్ష చేయించుకో. ఎవరి నుంచి ఎవరికని నేనడగను, నువ్వూ అడక్కు."

"అలాగే," అన్నాడు. చేతిలో లెన్సు పూర్తిచేశాడు. ల్యాబుకు వెళ్ళలేదు. ఉపవాసం ఉన్నాడు. ఆకలి తప్ప ఏమీ తెలియలేదు.

ఈ రోజు మందిరంలో రక్తదానం. మందిరం పెద్ద అతని పెదనాన్నే. "మొదటి చెయ్యి మావాడిది," అని అందరిముందూ భుజం తట్టి పంపాడు.

తెర వెనక నర్సు అతని చొక్కా చెయ్యి పైకి మడిచి, అందరినీ అడిగే ప్రశ్నలే అడిగింది. లేదు, లేదు అంటూ వచ్చాడు. సుఖవ్యాధి ఉన్నవాళ్ళతో కలిశావా అన్న ప్రశ్న దగ్గర ఆగాడు.

"ఇది ఎవరికెక్కిస్తారండీ?"

"ఎవరికి అవసరమైతే వాళ్ళకి. నిన్నటిది ఒక బాలింతకి పోయింది."

"ముందు పరీక్ష చేస్తారు కదా?"

"చేస్తాం. పరీక్షకు దొరకనివీ ఉంటాయి. అందుకే నోటితో అడిగేది."

చెప్పాడు. వేరెవరి సంగతో చెప్పినట్టుంది గొంతు.

నర్సు సూది పక్కన పెట్టింది. "లే. ముందు నువ్వు చూపించుకో. ఆ అమ్మాయి చెప్పింది కాబట్టి బతికిపోయావు."

"కాస్త దూది అంటిస్తారా? బయట వాళ్ళు చూస్తారు."

"గుచ్చకుండా దూదెందుకయ్యా?"

తెర తప్పించుకుని బయటికొచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళంతా అతను నిగ్రహం నేర్పినవాళ్ళే.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు పెదనాన్న. "రక్తం తక్కువన్నారా?"

ఔనంటే అక్కడితో పోయేది.

"కాదు పెదనాన్నా. నాది తీసుకోకూడదట. పరీక్షకు వెళ్తున్నా."

"ఏం పరీక్షరా?"

"ఇంటికొచ్చి చెప్తా."

పెదనాన్న చెయ్యి భుజం మీదికి లేచి, మధ్యలోనే ఆగింది. అతనికి సిగ్గు వేయలేదు, భయమూ వేయలేదు. ల్యాబు వైపు నడిచాడు. మడిచిన చొక్కా చెయ్యి దించుకోలేదు. అక్కడా చాపాల్సింది ఆ చెయ్యే.